మలక్‌పేట మలుపు

మన్సూరాబాద్,
జూన్ 18

రావు సాబ్‌కు హనుమాండ్లు నమస్తే.

నిన్న ఫోన్ చేస్తే అమ్మాజీ చెల్లె ఎత్తింది. “అన్నయ్యా, ఈయన చేతికి ఫోనిస్తే ఊరుకుంటారా? గొంతులో కాయ తీసిన డాక్టరు మూడు వారాలు నోరు విప్పొద్దన్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటే వీధిన పోయే ప్రతివాణ్నీ పలకరిస్తారనే కదా, తునిలో మా అక్కయ్య ఇంటికి తీసుకొచ్చాను. ఏమన్నా ఉంటే ఉత్తరం రాయండి” అని పెట్టేసింది. తొమ్మిదేళ్లు ఒకే సిటీ బస్సులో స్టీరింగు నాది, టికెట్లు నీవి. ఆ తొమ్మిదేళ్లలో నువ్వు నోరు మూసుకున్న పూట ఒక్కటి గుర్తులేదు నాకు. తుని జనం అదృష్టవంతులు.

సరే, ఒక సంగతి చెప్తాను, నవ్వొద్దు. నవ్వితే కుట్లు కదులుతాయేమో.

మా కోడలు గీత దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల గల్లీలో, రెండో అంతస్తులో గేమింగ్ సెంటర్ నడుపుతోంది కదా. పోయిన వారం అక్కడికి కొత్త సెట్టు వచ్చింది. సీటు, స్టీరింగు, మూడు పెడళ్లు, గేరు రాడ్డు, హ్యాండ్‌బ్రేకు, ఎదురుగా గోడంత స్క్రీను. నేను మధ్యాహ్నం టిఫిన్ డబ్బా ఇవ్వడానికి పోయాను. “మామా, ముప్పై ఏండ్లు బస్సు నడిపిన్రు గదా, జర కూసొని చూడుండ్రి, స్టీరింగు సక్కగున్నదో లేదో” అన్నది. కూర్చున్నాను. ఎర్ర కారు, ఊరి బయట రోడ్డు. ఎడమ పక్కనే నలభై స్పీడులో పోతున్నాను. దారిలో ఒక బస్ షెల్టరు, అందులో నలుగురు మనుషుల బొమ్మలు కనిపించాయి. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. కారును షెల్టరు ముందు జానెడు తేడా లేకుండా ఆపి, ఎడమ అద్దంలోకి చూస్తూ కూర్చున్నాను.

“ఏంది మామా, ఆగిన్రు?” అంది గీత.

“ఎక్కనీ” అన్నాను.

ఆడుకోవడానికి వచ్చిన కోచింగ్ పిల్లలు పడిపడి నవ్వారు. నేను దేనికోసం ఎదురుచూశానో వాళ్లకేం తెలుసు? నీ “రైట్ రైట్” కోసం. అది వినకుండా బండి కదిలించిన అలవాటు లేదు నాకు.

తర్వాత గీత సీట్లో కూర్చుని డ్రిఫ్టింగు అని ఒకటి చూపించింది. కారును కావాలనే జారనివ్వాలి. వెనక భాగం బయటికి కొట్టుకుపోతుంటే ముందు చక్రాలను ఎదురు దిక్కుకు తిప్పి, బండిని అడ్డంగా ఉంచి మలుపు దాటించాలి. పెద్ద మైదానం, మధ్యలో ఒక స్తంభం. దాని చుట్టూ ఆగకుండా, జారుతూ ఒక్క చుట్టు తిరిగితే పాసు. నాకు ఒళ్లు మండింది రావు సాబ్. బండి జారకుండా చూడడానికే కదా నాకు సర్కారు జీతమిచ్చింది! కానీ గీత ఆ చుట్టు తిరిగేటప్పుడు ముఖం చూడాల్సింది, చీకూ చింతా లేదు. దిగి, “ఇది మీతోని కాదులే మామా” అంది.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. రేపటి నుంచి పోతున్నాను.

నీ హనుమాండ్లు


తుని,
జూన్ 27

హనుమాండ్లన్నకు,

త్రినాథరావు నమస్కారాలు. మల్లమ్మ వదినను అడిగానని చెప్పు.

నీ ఉత్తరం చదివి నవ్వొద్దన్నావు కాబట్టి నవ్వలేదు. పలక మీద “హహహ” అని రాసి అమ్మాజీకి చూపించాను. ఇక్కడ నా బతుకంతా పలక మీదే. కాఫీ కావాలన్నా రాయాలి, పంచదార తక్కువైందన్నా రాయాలి. రాసేలోపు కాఫీ చల్లారిపోతోంది. మా తోడల్లుడు విశ్వేశ్వరరావుకి మాత్రం పండగే. ఇన్నేళ్లూ నేను మాట్లాడనివ్వలేదట, ఇప్పుడు పొద్దున మొదలుపెట్టి దీపాలు పెట్టేదాకా తన ఉద్యోగం కబుర్లు చెబుతున్నాడు. జవాబు చెప్పలేనని తెలిసి మరీ చెబుతున్నాడు.

కోడలు సీట్లో కూర్చుంటే మామగారు పక్కన నిలబడి పాఠం వినడం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. గట్టిగా నేర్చుకో. ఒక మాట చెబుతాను విను. మలుపు వస్తే నువ్వు ఊపిరి బిగబట్టి, భుజాలు పైకెత్తి, స్టీరింగుని పీక పట్టుకున్నట్టు పట్టుకుంటావు. తొమ్మిదేళ్లు వెనక నుంచి చూసినవాణ్ని, నాకంటే ఎవరికి తెలుసు? ఆ పట్టు వదిలితే సగం పని అయిపోయినట్టే.

జారడం గురించి మాత్రం నన్ను సలహా అడక్కు. మలక్‌పేట దగ్గర మనం జారినందుకు గుర్తుగా నా ముందు పన్ను ఒకటి ఇప్పటికీ కట్టుడు పన్నే.

త్రినాథరావు


మన్సూరాబాద్,
జూలై 12

రావు సాబ్‌కు,

వారానికి నాలుగు మధ్యాహ్నాలు పోతున్నాను. ఇంటి నుంచి షేర్ ఆటోలో ఎల్బీనగర్, అక్కణ్నుంచి మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్. కింద నేను నడిపిన రోడ్డే, పైన కిటికీ పక్కన సీటు, చేతిలో టిఫిన్ డబ్బా. హాయిగా ఉంది, అబద్ధమెందుకు.

డ్రిఫ్టు మాత్రం రావడం లేదు. హ్యాండ్‌బ్రేకు లాగుతాను, తోక కదులుతుంది, అంతే, కారు బొంగరంలా తిరిగి ఎటో మొహం పెట్టి ఆగిపోతుంది. మొదటి వారమంతా నువ్వన్న పట్టు గొడవే. గీత వెనక నిలబడి, “ఒదలండి మామా, స్టీరింగు దానంతటదే తిరుగుతది. తిరగనిచ్చి మళ్ల పట్టుకోండి” అంటుంది. ముప్పై ఏళ్లు పట్టుకున్న చెయ్యి, ఒక్క మాటకు వదులుతుందా? ఇంటికొచ్చి చెప్పుకుంటే మల్లమ్మ బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు. “మగ్గం మీద నాడె ఇసిరినంక పట్టుకొనే కూసుంటమా? ఇడిస్తేనే అవతలికి పోతది. అవతల అందుకోవాలె, గంతే గదా” అన్నది. పోచంపల్లిలో పదేళ్లు మగ్గం మీద కూర్చుని, దారం మోసే ఆ నాడెను అటూ ఇటూ విసిరిన మనిషి. మర్నాడు స్టీరింగును నాడె అనుకుని వదిలాను. చక్రం సర్రున తిరిగింది, అవతల అందుకున్నాను. గీత చప్పట్లు కొట్టింది. అక్కడున్న పిల్లలు కూడా కొట్టారు. నాకు “బస్ అంకుల్” అని పేరు పెట్టారులే.

అయినా చుట్టు పూర్తి కాదు. పావు చుట్టు దాకా వచ్చి తిరిగి పడిపోతున్నాను. పెడళ్లలో ఏదో ఖరాబీ ఉందని నా అనుమానం. గీత ఒప్పుకోదు.

మలక్‌పేట సంగతి ఇప్పుడెందుకు ఎత్తావు? పదిహేడేళ్లయింది. వాన, రేస్‌కోర్సు గోడ పక్క మలుపు, నువ్వు ఒక్కసారిగా బండి ఆపమని “హోల్డాన్” అని అరిచావు, నేను ఉలిక్కిపడి స్టీరింగు ఒక పక్కకు కోశాను, బస్సు జారి డివైడరుకు తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు, నీ పన్ను తప్ప. అయిపోయిన దాన్ని మళ్లీ తవ్వుకోవడమెందుకు?

మూడు వారాలు అయిపోయాయి కదా, మాట ఎట్లా ఉంది? రాయి.

హనుమాండ్లు


తుని,
జూలై 24

హనుమాండ్లన్నకు,

నీ ఉత్తరం అందింది. పావు చుట్టు వచ్చిందంటే మిగతాది కూడా వస్తుంది.

డాక్టరు మాట్లాడొచ్చన్నారు. గొంతు బాగానే ఉంది. మాట్లాడే పని పెద్దగా పడడం లేదు. ఇక్కడ వానలు.

త్రినాథరావు

అన్నయ్యగారికి అమ్మాజీ నమస్కారాలు. ఈయనకు తెలియకుండా కింద నాలుగు ముక్కలు రాస్తున్నాను. గొంతు బాగానే ఉందన్నది ఒట్టిమాట. రోజూ పావుగంట పైకి చదవాలి, అలా చెయ్యకపోతే గొంతు ఈ బొంగురులోనే ఉండిపోతుందని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. ఈయన ఒక్క మాట అని, ఆ గరగర విని, మళ్లీ పలక తీస్తున్నారు. వారం నుంచి అదీ లేదు. మీ ఉత్తరంలో మలక్‌పేట మాట చదివి, మడిచి, దిండు కింద పెట్టేసుకున్నారు. మీకు తెలుసో తెలియదో, ఆ బస్సు జారిన తర్వాత వేరే డిపోకి మార్చారు కదా, అక్కడ రిటైరయ్యే దాకా ఈయన ఒక్కసారి కూడా రైటని గాని హోల్డానని గాని నోటితో అనలేదు. విజిలే ఊదారు. ఎందుకని అడిగితే నాకెప్పుడూ చెప్పలేదు. మీరన్నా అడగండి.


మన్సూరాబాద్,
ఆగస్టు 5

తమ్ముడు త్రినాథరావుకు,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను. అమ్మాజీ చెల్లె రాసింది చదివాక మొదటిది రాశాను. అందులో నిన్ను తిట్టాను, గొంతు పాడుచేసుకుంటున్నావని. దాన్ని పోస్టు చేయకుండానే గేమింగ్ సెంటరుకు పోయాను. మంచిదైంది.

ఆ రోజు మళ్లీ పావు చుట్టు దగ్గర కారు తిరిగిపోయింది. నాకు కోపమొచ్చి గీతతో, “నీ బ్రేకు పెడలే ఖరాబున్నది. నేను తొక్కకున్నా పడుతున్నది” అన్నాను. “మీరు తొక్కుతున్నరు మామా” అంది. “నా కాలు నాకు తెల్వదా? ముప్పై ఏండ్లు నడిపినోన్ని” అని గట్టిగానే అన్నాను. పిల్లలందరూ ఆటలు ఆపి మా వైపు చూశారు. గీత మీట నొక్కి, ఆట మొత్తం మళ్లీ వేసి చూపించింది. స్క్రీను మూలన రెండు గీతలుంటాయి. ఆకుపచ్చది యాక్సిలరేటరు, ఎర్రది బ్రేకు. పెడలు ఎంత తొక్కితే దాని గీత అంత పైకి లేస్తుంది. కారు తోక కదిలింది. కదిలీ కదలకముందే ఎర్ర గీత నిలువునా లేచింది.

నా పాత ఆటల్లో ఇంకొకటి వెయ్యమన్నాను. అందులోనూ అంతే. పదకొండు ఆటలు చూశాను. పదకొండింటిలోనూ నా కాలు బ్రేకు మీదే ఉంది, ఒక్కదాంట్లో కూడా తొక్కినట్టు నాకు గుర్తులేదు. దేవుడి ముందు నిలబెట్టి అడిగినా తొక్కలేదనే చెప్పి ఉండేవాణ్ని.

ఇంటికి పోయే మెట్రో ఎక్కలేదు. ఎదురు వైపుది ఎక్కి మలక్‌పేటలో దిగాను. గోడ పక్క మలుపులో అరగంట నిలబడ్డాను. రోడ్డు పొడిగానే ఉంది, నా కళ్లకు మాత్రం ఆ రోజు వాన కనిపించింది. ముందు చక్రం నీళ్లలో పడింది. తోక కదిలింది. అప్పుడు నా కాలు. ఆ తర్వాత నువ్వు కడ్డీకి కొట్టుకుంటూ “హోల్డాన్” అని అరిచావు. నీ అరుపు ఆఖరున వచ్చింది. నేను విచారణలో అది ముందు వచ్చిందని రాసిచ్చాను. “నేను బ్రేకు తొక్కలేదు, కండక్టరు అరిచినందువల్ల కంగారుపడ్డాను” అని సంతకం పెట్టాను. నిన్ను వేరే డిపోకి పంపారు. నా బస్సు నాకు ఉంచారు.

అబద్ధం రాస్తున్నానని అప్పుడు అనుకోలేదు. కానీ అడిగి చూసుకోలేదు కూడా. నిన్ను ఒక్కసారి అడిగి ఉంటే చాలు. ఎందుకడగలేదంటే, నాకు భయమేసింది. ఆ భయం ఇప్పటిదాకా నాకే కనబడలేదు.

తప్పు నాది త్రినాథరావు. నీ గొంతుది కాదు. ఈ ముక్క పైకి చదువు. అమ్మాజీకి వినపడేట్టు చదువు.

హనుమాండ్లు


తుని,
ఆగస్టు 16

హనుమాండ్లన్నకు,

చదివాను. నువ్వు చెప్పినట్టే పైకి చదివాను. “తప్పు నాది” అన్న ముక్క రెండుసార్లు చదివాను. అమ్మాజీకి వినపడక కాదు.

నేనూ ఒకటి చెప్పాలి. ఆ రోజు నేను ముందు తలుపు దగ్గర నిలబడి, మలక్‌పేట వాళ్లని దిగడానికి సిద్ధం చేస్తున్నాను. నీ కాలు బ్రేకు మీద పడడం నా కళ్లతో చూశాను. విచారణలో అడిగినప్పుడు నోటి దాకా వచ్చింది. బయటపెడితే నిన్ను బండి దించి గ్యారేజీలో కూర్చోబెడతారు. కండక్టరుదేముంది, ఏ డిపోలో వేసినా అవే టికెట్లు. స్టీరింగు లేకపోతే నువ్వు మనిషివి కావు. అందుకని, సరే సార్, అరిచాను అన్నాను.

కోపం రాలేదని చెబితే నువ్వు నమ్మవు. రెండేళ్లు మీ ఇంటి గడప తొక్కలేదు. జ్వరమని, నైట్ డ్యూటీ అని సాకులు చెప్పాను. తర్వాత వదిన స్వయంగా వచ్చి పిలిచింది, ఇక కుదరలేదు. కోపం పోయింది. కానీ దాని చోట ఇంకొకటి వచ్చి కూర్చుంది. నువ్వు అబద్ధమాడే మనిషివి కాదని నాకు తెలుసు. మరి నువ్వంత గట్టిగా చెప్పావంటే, ముందు నేనే అరిచానేమో? నేను చూసిన కాలు నేను కల్పించుకున్నదేమో? నా కళ్ల కంటే నీ మాట మీదే నాకు నమ్మకం ఎక్కువ. నా అరుపు వల్ల బస్సునిండా జనానికి ఏదన్నా అయి ఉంటే అని ఆలోచించి, విజిలు మెడలో వేసుకున్నాను. పదేళ్లు అదే ఊదాను. ఇప్పుడు గొంతు కోసి బాగుచేశామంటే, ఎందుకొచ్చిన గొంతులే అనిపించింది. అంతకు మించి కారణం లేదు.

పదిహేడేళ్ల తర్వాత నా కళ్లు నాకు తిరిగిచ్చావు. గీతమ్మకు నా దీవెనలు చెప్పు. ఆ ఎర్ర గీతకు కూడా దణ్ణం పెట్టు.

అప్పటినుంచి పొద్దునే చదువుతున్నాను. పేపరైతే బుద్ధి పుట్టడం లేదు, మన రూటు చదువుతున్నాను. ఎల్బీనగర్, కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్, మలక్‌పేట, చాదర్‌ఘాట్, కోఠి. మొదటి రోజు కొత్తపేటలోనే బండి ఆగిపోయింది. నిన్న చాదర్‌ఘాట్ దాకా వచ్చాను. విశ్వేశ్వరరావు పక్కన కూర్చుని, “కోఠికి ఒకటివ్వండి” అంటూ చెయ్యి చాపుతున్నాడు. మళ్లీ నేను మాట్లాడుతున్నందుకు అతనికి కాస్త దిగులుగానే ఉంది.

24వ తేదీ ఆదివారం నాలుగింటికి గీతమ్మ ఫోనుకి చేస్తాను. అమ్మాజీ రెండు నిమిషాలకు ఒప్పుకుంది. నువ్వు సీట్లో ఉండు.

త్రినాథరావు


మన్సూరాబాద్,
ఆగస్టు 25

రావు సాబ్‌కు,

అమ్మాజీ చెల్లె రెండు నిమిషాలిచ్చినా నువ్వు ఒక్క మాటకే పెట్టేశావు. ఇక్కడ ఏం జరిగిందో నీకు తెలియదు. చెప్తాను.

మూడున్నరకే సీట్లో కూర్చున్నాను. మల్లమ్మ కూడా వచ్చింది, పట్టుచీర కట్టుకుని. ఎందుకే అంటే, “మీ రావు మాట్లాడతడంట గదా” అన్నది. కోచింగ్ పిల్లలకు గీత ఏం చెప్పిందో గాని, ఎవరూ తమ ఆట ముందు లేరు, అందరూ నా వెనకే. నాలుగింటికి ఫోన్ మోగింది. గీత స్పీకరు పెట్టి నా చెవి పక్కన పట్టుకుంది. గరగర వినబడింది, నువ్వు ఊపిరి తీసుకున్నది వినబడింది.

“రైట్... రైట్.”

పాత గొంతు కాదది. సన్నగా, గీరుకుపోయినట్టు ఉంది. మల్లమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. నేను అద్దంలోకి చూడలేదు రావు సాబ్. చూడాల్సిన అవసరం లేకపోయింది. గేరు వేశాను, హ్యాండ్‌బ్రేకు లాగాను, తోక కదిలింది. చేతులు వదిలాను. చక్రం తిరిగింది, అవతల అందుకున్నాను. కాలు పోలేదు. బ్రేకు ఉన్నచోటే ఉంది, నా కాలు ఉన్నచోటే ఉంది, సగం తొక్కిన యాక్సిలరేటరు మీద. స్తంభం నా పక్క కిటికీలో అలాగే నిలబడింది, మైదానమంతా దాని చుట్టూ తిరిగింది. పావు చుట్టు, సగం, ముప్పావు. పిల్లలు “బస్ అంకుల్, బస్ అంకుల్” అని గోల. చుట్టు అయిపోయింది. పాసని స్క్రీను మీద పడింది కూడా.

నేను ఆపలేదు. రెండో చుట్టు. మూడో చుట్టు. గీత నవ్వుతూ, “చాలు మామా, ఆపుండ్రి, ఐపాయె” అంటోంది. ఎట్లా ఆపుతాను? తొమ్మిదేళ్ల అలవాటు నీకు తెలియనిదా? నువ్వు రైట్ రైట్ అని కదిలించి పెట్టేశావు. ఆపమని ఎవరు చెప్పాలి? ఆఖరికి గీతే ప్లగ్గు పీకింది.

కాబట్టి నా మనసులో ఆ బండి ఇంకా తిరుగుతూనే ఉంది. గేమింగ్ సెంటరులో నా సీటు వెనక నిలబడడానికి చోటుంది, పట్టుకోవడానికి కడ్డీ కూడా ఉంది. నువ్వు వచ్చి, ఆ రెండో మాట, ఆపమనే మాట, నోటితో అను. విజిల్ తేవొద్దు.

హనుమాండ్లు


తుని,
సెప్టెంబరు 2

హనుమాండ్లన్నకు,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున వచ్చింది. వీధి అరుగు మీద కూర్చుని చదివి, కాగితం పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. గట్టిగా అరవొద్దని డాక్టరు చెప్పిన మాట నిజమే. ఒక్కసారే కదా అనుకున్నాను. కడుపులో ఊపిరంతా పోగుచేసి అరిచాను, పదిహేడేళ్ల నుంచి అనని మాట.

గొంతు రెండు చోట్ల విరిగింది గాని, మాట బయటికి వచ్చింది. అమ్మాజీ చేతిలో గరిటెతో పరుగెత్తుకొచ్చింది. తిట్లన్నీ తర్వాత రాస్తాను. రోడ్డు మీద పోతున్న ఆటో ఒకటి టక్కున ఆగింది. అతను తల బయటికి పెట్టి, “ఎక్కడికండీ?” అని అడిగాడు.

స్టేషనుకి అన్నాను. వెళ్లి ఇద్దరికీ టికెట్లు చేయించుకొచ్చాను. శనివారం పొద్దునకల్లా దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటాం.

త్రినాథరావు